తిరిగిన బండి

పొద్దున్న ఆరు గంటలు. సంక్రాంతి వెళ్లి వారమైనా యాప్రాల్‌లో చలి ఇంకా తగ్గలేదు. వీధి మొదట్లో టీకొట్టు స్టవ్వు అప్పుడే వెలిగింది. ఆ వేళప్పుడు చెవులకు మఫ్లరు చుట్టుకున్న ఓ పెద్దాయన, పరాయివాళ్ల ఇంటి ముందు ఆగి ఉన్న నల్ల స్కార్పియో బానెట్ మీద అరచెయ్యి ఆనించి నిలబడ్డారు. జ్వరమొచ్చిన పిల్లాడి నుదురు తాకి చూస్తారే... అచ్చం అలాగే.

బానెట్ చల్లగా ఉంది. ఆయన మొహం విప్పారింది.

పాత డీజిల్ బండి కొనడానికి వెళ్లేవాళ్లు మొట్టమొదట చెయ్యాల్సిన పని అదే. బేరానికి మనుషులు వస్తున్నారంటే కాస్త ముందుగానే ఇంజన్ తిప్పి వేడెక్కించి పెట్టడం కొందరికి అలవాటు. వేడి మీదున్న ఇంజన్ తన రోగాలు బయటపెట్టదు. రాత్రంతా చలిలో పడుకున్న ఇంజన్‌ని లేపితేనే అసలు గొంతు వినిపిస్తుంది. సెల్ఫ్ ఎన్నిసార్లు కొట్టాల్సి వచ్చింది, మొదటి పొగ ఏ రంగులో వచ్చింది, ఎంతసేపటికి ఆగింది... అన్నీ తెలిసిపోతాయి.

ఈ సంగతులు ఆయనకు ఇంకొకరు చెప్పక్కర్లేదు. ఇరవై ఎనిమిదేళ్లు సైన్యంలో బళ్లు బాగుచేసిన చేతులవి. ఆయన పనిచేసింది ఈఎంఈలో. తుపాకీ దగ్గర్నుంచి ట్రక్కు దాకా సైన్యంలో చెడిపోయిన ప్రతిదాన్నీ మళ్లీ నడిపించే విభాగం అది. 1943 అక్టోబరు 15న పుట్టింది. దాని నినాదం 'కర్మ్ హీ ధర్మ్'. సుబేదారుగా రిటైరయ్యాక, పడుచు వయసులో పని నేర్చుకున్న తిరుమలగిరికి దగ్గర్లో ఉండాలని యాప్రాల్‌లో ఇల్లు కట్టుకున్నారు. వీధిలో అందరికీ ఆయన 'సుబేదార్ సాబ్'. ఈ ప్రాంతానికీ సైన్యానికీ ఉన్న చుట్టరికం గురించి వేరే చెప్పాలా! సైనిక్‌పురి, వాయుపురి... పక్క కాలనీల పేర్లే చెబుతాయి.

మరి అంతటి పనిమంతుడు ఒక పాత బండి కోసం మూడు నెలలు ఎందుకు తిరిగారు? అంతకంటే ముందు... అసలు బండి ఎందుకు?

అడ్రసులో ఊరు లేని ఉత్తరాలు

ఇరవై ఎనిమిదేళ్ల సర్వీసులో ఆ భార్యాభర్తలు ఒకే ఇంట్లో ఉన్న రోజులన్నీ కలిపితే పదేళ్లు కూడా కావు. ఫీల్డ్ పోస్టింగులకు కుటుంబాన్ని వెంట తీసుకెళ్లడం కుదరదు. ఆయన సరిహద్దులో ఉంటే, ఆవిడ ప్రకాశం జిల్లాలో ఓ పల్లెలో అత్తగారితో, ఇద్దరు పిల్లలతో ఉండేవారు. మధ్యలో ఉత్తరాలు. ఆ ఉత్తరాల మీద ఊరి పేరు ఉండేది కాదు. 'కేరాఫ్ 56 ఏపీఓ' అని మాత్రం ఉండేది. జవాన్లు ఎక్కడున్నారో బయటికి తెలియకుండా ఉండేందుకు సైన్యం పెట్టుకున్న తపాలా పద్ధతి అది.

"మీ ఆయన ఏ ఊళ్లో ఉన్నాడమ్మా?" అని ఎవరన్నా అడిగితే, "యాభై ఆరు ఏపీఓలో" అని చెప్పేవారావిడ. అదేదో పెద్ద ఊరనుకునేవాళ్లు అడిగినవాళ్లు. నిజానికి కొత్తలో ఆవిడా అలాగే అనుకున్నారు!

ఇంటికొచ్చేసిన రోజున ఆయన మాటిచ్చారు... "నీకు ఆ ఊళ్లన్నీ చూపిస్తా" అని. పఠాన్‌కోట్, అఖ్నూర్, రాజౌరి... వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పారు. ఆ తర్వాత ఇల్లు కట్టడం, అమ్మాయి పెళ్లి, అబ్బాయి చదువు, పెద్దావిడ మంచాన పడటం. ఒకదాని వెనక ఒకటి. చూస్తుండగానే పద్దెనిమిదేళ్లు గడిచిపోయాయి.

మొన్న దీపావళికి ఇల్లు దులుపుతుంటే అటక మీది రేకుపెట్టెలో ఉత్తరాల కట్ట దొరికింది. ఆవిడ దాన్ని తెచ్చి ఆయన ముందు పెట్టి, "ఏవండీ, ఇంతకీ ఏపీఓ ఎప్పుడు చూపిస్తారు?" అన్నారు. నవ్వుతూనే అన్నారు. ఆయనకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆయనకిప్పుడు అరవై ఆరు. ఆవిడకు అరవై ఒకటి, మోకాళ్లు అప్పుడే సణుగుతున్నాయి. ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడు?

రైల్లో వెళ్లొచ్చుగా అన్నాడు పుణెలో ఉద్యోగం చేస్తున్న కొడుకు. "రైల్లో వెళ్తే స్టేషన్లు కనపడతాయిరా, ఊళ్లు కనపడవు" అన్నారు తండ్రి. యాప్రాల్ నుంచి మేడ్చల్ చేరితే 44వ నంబరు జాతీయ రహదారి ఎక్కేయొచ్చు. పాత 7వ నంబరు రోడ్డంటే మన పెద్దవాళ్లకు ఇట్టే తెలుస్తుంది. ఇటు తిరిగితే కన్యాకుమారి, అటు తిరిగితే జమ్మూ మీదుగా శ్రీనగర్. పోను రెండువేల కిలోమీటర్ల పైమాటే. ఆపైన కొండదారులు.

"అయితే కొత్త కారు కొనండి. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది కదా. మిగతాది నేను కడతా" అన్నాడు కొడుకు. సుబేదారు గారు ఒప్పుకోలేదు. ఆయన దగ్గరున్నది ఆరున్నర లక్షలు. అప్పుచేసి యాత్రకు వెళ్లకూడదని ఆయన సిద్ధాంతం. పైగా ఘాట్ రోడ్డులో నిండు సామానుతో ఎక్కాలంటే ఛాసిస్ మీద కట్టిన డీజిల్ బండే కావాలన్నది జీవితమంతా ట్రక్కుల కింద పడుకున్న మనిషి నమ్మకం.

ఆ నమ్మకం ఆయనొక్కడిదే కాదు. 1994లో సుమో, 1998లో సఫారీ, 2000లో క్వాలిస్, 2002లో స్కార్పియో... పెళ్లికెళ్లాలన్నా, తిరుపతి వెళ్లాలన్నా ఊరూవాడా ఈ బళ్ల కోసమే చూసేది. ఫ్యాక్షన్ సినిమాలైతే సరేసరి. సుమోలు గాల్లోకి లేవనిదే క్లైమాక్స్ పూర్తయ్యేది కాదు. పెట్రోలుకీ డీజిల్‌కీ ధరలో తేడా బాగా ఉన్న 2012-13 నాటికి దేశంలో అమ్ముడైన కార్లు, జీపుల్లో సగానికి మించి డీజిల్‌వే. 2014 అక్టోబరులో డీజిల్ ధర మీద ప్రభుత్వ నియంత్రణ తొలగిపోయింది. ఆ తర్వాత మోజు క్రమంగా తగ్గింది. అప్పట్లో కొన్న ఆ బళ్లే ఇప్పుడు పదీ పదకొండేళ్ల వయసుతో, లక్షల కిలోమీటర్లతో అమ్మకానికి నిలబడ్డాయి.

68,000 కథ

మొదట ఆయన మనసు పడింది ఈ నల్లబండి మీద కాదు. ఓ కన్సల్టెన్సీలో కనిపించిన తెల్లబండి మీద. అదీ 2015 మోడలే. అద్దంలా మెరుస్తోంది. మీటరు చూస్తే 68,000. ధర 6 లక్షల 90 వేలు. బేరమాడితే ఆరున్నరకు దిగారు. సాయంత్రం లైట్ల వెలుగులో ఇంజన్ విన్నారు, ఓ చుట్టు తిప్పారు. ఇంకెవరో చూసి వెళ్లారని, రేపటికి ఉంటుందో లేదోనని కుర్రాడు అనేసరికి ఆగలేకపోయారు. పాతికవేలు బయానా ఇచ్చేశారు.

మర్నాడు సాయంత్రం భార్యను తీసుకెళ్లారు చూపించడానికి. ఆవిడకు ఇంజన్ గురించి ఏమీ తెలియదు. డ్రైవరు వైపు తలుపు తీసి, సీటు ఎత్తు చూసి, కాలు పెట్టడానికి వీలుగా ఉందో లేదో చూసుకుంటూ అక్కడే ఆగిపోయారు.

"ఇదేంటండీ, ఇక్కడేదో చీటీ అంటించి ఉంది. తర్వాతి ఆయిల్ మార్పు లక్షా యాభై వేల దగ్గర అని రాసుంది?"

తలుపు పక్క స్తంభానికి అంటించిన చిన్న స్టిక్కరు. సగం చిరిగింది. ఆయన వంగి చూశారు. కళ్లజోడు సర్దుకుని మళ్లీ చూశారు. అక్షరాలు ఆనలేదు. "లైటు సరిగ్గా లేదు" అని గొణిగి, సెల్‌ఫోన్ టార్చి వేసి చూస్తే అప్పుడు కనపడింది. 1,50,000!

ఇక ఆయనలోని సుబేదారు నిద్రలేచాడు. బ్రేకు పెడల్ రబ్బరు చూశారు. గీతలన్నీ అరిగి నున్నగా ఉంది. స్టీరింగుకి కొత్త తొడుగు వేశారు. కింద చెయ్యి పెడితే తోలు పట్టులా జారుతోంది. ముందు టైర్ల మీద నాలుగంకెల ముద్ర చూశారు. మొదటి రెండు అంకెలు వారం, తర్వాతి రెండు ఏడాది. నాలుగు టైర్లూ 2024వి. స్టెప్నీ 2019ది. అంటే ఈ బండి ఇప్పటికి రెండుసార్లు టైర్లు మార్చింది. 68,000కే మూడో సెట్టా?

"అది వేరే బండి స్టిక్కర్ సార్. మీటర్‌ది ఏముంది, బండిని చూడున్రి" అన్నాడు కుర్రాడు.

ముల్లు తిరిగే పాత మీటరైనా, అంకెలు వెలిగే కొత్త మీటరైనా వెనక్కి తిప్పేవాళ్లకు కొదవలేదు. డిజిటల్ మీటరు మోసం చెయ్యదనుకోవడం పొరపాటు. ల్యాప్‌టాప్ తగిలించి అంకె మార్చేసేవాళ్లున్నారు. కానీ మీటరు మారుతుందే గానీ పెడల్, సీటు అంచు, గేరు రాడ్డు పిడి, పాత సర్వీసు బిల్లులు మారవు. అన్నీ ఒకే మాట చెబుతున్నాయా లేదా అన్నది చూసుకోవాలి.

గంటసేపు వాదిస్తే పాతికవేలలో పదిహేను వేలు తిరిగొచ్చాయి. పదివేలు పోయాయి. దారిపొడవునా ఆయన ఒక్క మాట మాట్లాడలేదు. పోయిన డబ్బుకంటే, ఇరవై ఎనిమిదేళ్ల అనుభవం ఒక మెరుపుకి పడిపోయిందన్నదే ఆయన బాధ.

2,41,000 కథ

నల్లబండి సంగతి చెప్పింది వీధిలోని పాలవాడు. యజమాని రిటైరైన పశువైద్యుడు. మూడు వీధుల అవతలే ఇల్లు. రిటైరయ్యాక కూడా సిద్దిపేట వైపు డెయిరీలు చూడటానికి వారానికి మూడుసార్లు వెళ్లొచ్చేవారు. ఈమధ్యే మానేశారు. బండి మీటరు 2,41,000 చూపిస్తోంది. అడిగిన ధర 5 లక్షల 60 వేలు.

"నాన్నా! రెండు లక్షల నలభై ఒక్క వేలా!" ఫోన్లో కొడుకు కేక.

కేక వెయ్యాల్సిన అంకే. భూమి చుట్టుకొలత సుమారు 40,000 కిలోమీటర్లు. ఈ లెక్కన ఆ బండి ఆరుసార్లు భూమిని చుట్టొచ్చింది. చందమామ దాకా రోడ్డుంటే మూడింట రెండు వంతుల దారికి దగ్గర్లో ఉండేది!

కానీ కిలోమీటర్లన్నీ ఒకలాంటివి కావు. ఊళ్లో తిరిగే బండి ప్రతి చౌరస్తాలో ఆగుతుంది. క్లచ్ తొక్కుతుంది, బ్రేకు తొక్కుతుంది, వేడెక్కకముందే ఇల్లు చేరుతుంది. డీజిల్ ఇంజన్‌కి అదే పెద్ద శత్రువు. చల్లటి ఇంజన్‌తో చిన్న చిన్న దూరాలు తిరిగితే లోపల మసి పేరుకుంటుంది. అదే రాజీవ్ రహదారి ఎక్కి వంద కిలోమీటర్లు ఒకే తీరున వెళ్లే బండికి ఇంజన్ తన వేడిలో తాను హాయిగా తిరుగుతుంది. గేర్లు మార్చే పని తక్కువ. అందుకే ఎంత తిరిగిందన్నది ఒక్కటే చూస్తే లాభం లేదు. ఎక్కడ తిరిగింది, ఎవరి చేతిలో తిరిగింది అన్నవీ చూడాలి.

అలా మొదలైంది ఆ పొద్దుటి పరీక్ష. ఈసారి సుబేదారు గారు తన అనుభవాన్ని మాత్రమే నమ్ముకోలేదు. షెడ్డు నడిపే భాయ్‌ని వెంట తెచ్చుకున్నారు.

డాక్టరు గారు తాళం ఇచ్చి పక్కన నిలబడ్డారు. ఒక్క సెల్ఫ్‌కే ఇంజన్ అందుకుంది. తెల్లటి పొగ కాస్త వచ్చి నిమిషంలో ఆగిపోయింది. చలికాలం అది మామూలే. ఆగకుండా తెల్లపొగ వస్తుంటే డీజిల్ సరిగ్గా మండకపోవడమో, రేడియేటరు నీళ్లు లోపలికి పోవడమో అయ్యుండొచ్చు. నల్లపొగ అంటే గాలి చాలకో, నాజిళ్లు చెడిపోయో ఇంధనం పూర్తిగా మండట్లేదని. నీలం పొగ వస్తే మాత్రం దండం పెట్టి వచ్చెయ్యాలి. ఇంజన్ ఆయిల్ మండుతోందన్నమాట. భాయ్ ఇంజన్ తిరుగుతుండగానే ఆయిల్ పోసే మూత వదులు చేశాడు. అక్కడినుంచి పొగ బుసలు కొడితే ఇంజన్ బోరుకొచ్చినట్టు. ఇక్కడ సన్నటి ఆవిరి తప్ప ఏమీ లేదు. తర్వాత బండి కిందికి దూరాడు. ఛాసిస్ మీద కొత్త వెల్డింగు మచ్చలున్నాయేమోనని చూశాడు. నంబరు ఆర్సీలో ఉన్నదేనని సరిచూశాడు.

అరగంట తర్వాత చేతులు తుడుచుకుంటూ లేచాడు. "క్లచ్ ప్లేట్ అయిపోవస్తుంది. ముంగటి బుష్‌లు పోయినయ్. ఒక నాజిల్ డౌటున్నది."

డాక్టరు గారు జేబులోంచి మడిచిన కాగితం తీసి ఇచ్చారు. ఆయన చేతిరాతతో ఐదు పాయింట్లు ఉన్నాయి. క్లచ్, బుష్‌లు, మూడో నాజిల్, ఏసీ గ్యాస్ లీకు, వెనక తలుపు రబ్బరు. దాంతోపాటు ఓ లావుపాటి ఫైలు. పదేళ్ల సర్వీసు బిల్లులు, తేదీలవారీగా, ప్రతిదాని మీదా కిలోమీటర్లు.

భాయ్ కాగితం చదివి నవ్వాడు. "సాబ్, డాక్టర్ సాబ్ రాసిన దాంట్ల నాకు దొరకనివి రెండున్నయ్!"

"ముందే రాసి పెట్టారా?" ఆశ్చర్యంగా అడిగారు సుబేదారు గారు.

"ముప్పై ఏళ్లు పశువుల సంతల్లో తిరిగానండీ. కొమ్ములు చెక్కి, రంగేసి, ముసలి ఎద్దును కోడెదూడని అమ్మేవాళ్లను చూశాను. తెలిసినవాళ్లు పళ్లు చూసి వయసు పట్టేస్తారు. తెలియని రైతు మోసపోతాడు. ఎద్దుకు నోరు లేదు, బండికీ నోరు లేదు. దాని తరఫున మనమే చెప్పాలి" అన్నారాయన.

కాగితాల సంగతీ అంతే పద్ధతిగా ఉంది. లోను తీరాక ఆర్సీలో ఫైనాన్స్ పేరు తీయించేశారు. చలాన్లు ఒక్కటీ లేవు. 2015లో రిజిస్టరైన బండి కాబట్టి పదిహేనేళ్ల రిజిస్ట్రేషన్ 2030 దాకా ఉంటుంది. ఆ తర్వాత ఫిట్‌నెస్ చూపించి ఐదేళ్లకోసారి పొడిగించుకోవాలి.

సుబేదారు గారికి ఇంకో అనుమానం ఉంది. ఢిల్లీ! దేశ రాజధాని ప్రాంతంలో పదేళ్లు దాటిన డీజిల్ బళ్లు తిరగకూడదని 2018 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పింది. వయసొక్కటే చూసి యజమానుల మీద చర్యలు తీసుకోవద్దని 2025 ఆగస్టులో అంది. డిసెంబరుకొచ్చేసరికి ఆ వెసులుబాటు బీఎస్-4, ఆపై బళ్లకు మాత్రమేనంది. హైదరాబాద్‌లో బీఎస్-4 నిబంధన 2010 ఏప్రిల్ నుంచే ఉన్నా, దేశమంతటా వచ్చింది 2017 ఏప్రిల్‌లోనే. 2015 నాటి బండి రెండింటిలో ఏదైనా కావచ్చు. ఆర్సీ తిప్పి చూశారు. బీఎస్-4. అయినా నియమాలు ఎప్పుడు మారతాయో తెలియదని, ఢిల్లీ తగలకుండా రాజస్థాన్ మీదుగా వెళ్లాలని మనసులోనే దారి గీసుకున్నారు.

ఎదురు లైట్లు

సాయంత్రం భార్యను కూడా తీసుకుని రోడ్డు పరీక్షకు బయల్దేరారు. బొల్లారం, హకీంపేట, తూంకుంట, శామీర్‌పేట. డాక్టరు గారు పక్క సీట్లో, ఆవిడ వెనక. పోయేటప్పుడు అంతా బాగుంది. బండి గీత గీసినట్టు వెళ్లింది. శామీర్‌పేట దాటి కాస్త దూరం పోయి వెనక్కి తిప్పేసరికి చీకటి పడింది.

అప్పుడు మొదలైంది అసలు పరీక్ష. ఎదురుగా వచ్చే ప్రతి లారీకి ఆయన వేగం తగ్గిస్తున్నారు. లైటు పడగానే కళ్లు చికిలిస్తున్నారు. తూంకుంట దగ్గర ఎడమ పక్కన లైట్లు లేకుండా వెళ్తున్న సైకిలతన్ని దాదాపు తగిలేంత దగ్గరికి వచ్చాక గాని చూడలేదు. డాక్టరు గారు "సార్!" అన్నారు. బ్రేకు పడింది. సైకిలతను తిట్టుకుంటూ వెళ్లిపోయాడు.

"ఎదుటివాడు హైబీమ్ వేశాడు" అన్నారు సుబేదారు గారు.

వెనక సీట్లోంచి ఏ మాటా రాలేదు.

ఇంటి ముందు ఆపి, ఆయన తాళం తిప్పబోతుంటే డాక్టరు గారు చెయ్యి పట్టుకున్నారు. "ఒక్క నిమిషం తిరగనివ్వండి. టర్బో చల్లబడాలి." దూరం నుంచి వచ్చిన డీజిల్ బండిని ఠక్కున ఆపేస్తే, అప్పటిదాకా విపరీతమైన వేగంతో తిరిగిన టర్బోకి ఆయిల్ అందడం ఆగిపోతుంది. ఈ ఒక్క అలవాటు చాలు, బండి ఎలాంటి చేతుల్లో పెరిగిందో చెప్పడానికి. ఇంకో రోజైతే సుబేదారు గారు అదే మాట పైకి అనేవారు. ఆ రోజు ఆయన తల ఎత్తలేదు.

రాత్రి భోజనాల దగ్గర ఆవిడ మజ్జిగ పోస్తూ అడిగారు.

"ఎన్నాళ్లనుంచి?"

"ఏమిటి?"

"కళ్లు."

ఆయన పలకలేదు.

"మీటరు వెనక్కి తిప్పాడని ఆ కుర్రాణ్ని గంటసేపు తిట్టారు. స్టిక్కరు మీద ఉన్న అంకె ఆనకపోతే లైటు లేదన్నారు. ఇవాళ ఎదుటివాడి హైబీమ్ అంటున్నారు. మరి మీ మీటరు ఎవరు తిప్పారండీ?"

ఏడాదినుంచి అని అప్పుడు చెప్పారాయన. రాత్రిళ్లు లైట్ల చుట్టూ వలయాలు కనపడుతున్నాయి. శుక్లాలని తనకూ అనుమానమే. చెబితే కొడుకు డ్రైవింగ్ మానెయ్యమంటాడు. డ్రైవింగ్ మానేస్తే, ఇచ్చిన మాట? అందుకే దాచారు. "ఒకసారి తీసుకెళ్లొచ్చాక చూపించుకుందామనుకున్నా" అన్నారు చిన్నగా.

"నేను ఇరవై ఎనిమిదేళ్లు మీరెక్కడున్నారో తెలియకుండా ఉన్నాను. అది సైన్యం దాచింది, సరే. ఇప్పుడు పక్క సీట్లో కూర్చుని కూడా తెలియకుండా ఉండాలా?"

ఆవిడ గొంతు పెంచలేదు. మజ్జిగ గిన్నె పక్కన పెట్టి లేచి వెళ్లిపోయారు.

ముందు కళ్లు, తర్వాత తాళాలు

మర్నాడు పొద్దున్నే సుబేదారు గారు రెండు పనులు చేశారు. మొదట కొడుకుకి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పారు. తర్వాత డాక్టరు గారింటికి వెళ్లి, "బండి నాకు నచ్చింది. కానీ నా కళ్లకు ఆపరేషను కావాలి. రెండు నెలలు పడుతుంది. మీరు ఆగలేకపోతే వేరేవాళ్లకిచ్చెయ్యండి" అన్నారు. బేరంలో ఉన్న మనిషి చెప్పే మాట కాదది.

డాక్టరు గారు ఒక్క క్షణం చూసి, "బయానా కూడా అక్కర్లేదు, ఆగుతాను" అన్నారు. 5 లక్షల 25 వేలకు ఖాయమైంది.

మాజీ సైనికుల వైద్యం కోసం 2003లో మొదలైన ఈసీహెచ్ఎస్ కార్డు ఆయన దగ్గర ఉండనే ఉంది. జనవరి చివర్లో ఒక కన్ను, ఫిబ్రవరి చివర్లో రెండో కన్ను. కట్టు విప్పిన రోజున వాకిట్లో మందారం చూసి, "ఇది ఇంత ఎరుపా?" అన్నారట.

ఈలోగా కాగితాల పని నడిచింది. పేరు మారేదాకా తాళాలు ఇవ్వనన్నారు డాక్టరు గారు. పట్టుదల కాదది, జాగ్రత్త. చాలామంది డబ్బు చేతిలో పడగానే బండి ఇచ్చేసి ఊరుకుంటారు. ఫారం 29, 30 మీద సంతకాలు పెట్టి, కొన్నవాళ్లే చూసుకుంటార్లే అనుకుంటారు. చట్టం ప్రకారం అదే రాష్ట్రంలోనైతే అమ్మినవాళ్లు 14 రోజుల్లో, కొన్నవాళ్లు 30 రోజుల్లో రవాణా శాఖకు తెలియజెయ్యాలి. పేరు మారకముందు ఏదైనా ప్రమాదం జరిగితే, రికార్డులో ఎవరి పేరుందో వాళ్లే పరిహారానికి బాధ్యులని 2018 ఫిబ్రవరి 6న సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. బీమా కూడా 14 రోజుల్లో కొన్నవాళ్ల పేరు మీదికి మార్చమని కోరాలి. నో క్లెయిమ్ బోనస్ మాత్రం అమ్మినవాళ్లదే. అది బండితో పాటు రాదు.

పాత బండి కొనేవాళ్లు మరిచిపోయే లెక్క ఇంకొకటుంది. చేతిలో ఉన్నదంతా ధరకే పెట్టెయ్యకూడదు. ఆయన ఆరున్నరలో ఐదూ పాతిక బండికి పోగా, లక్షా పాతిక మిగిలింది. అందులో 85,000 భాయ్ షెడ్డులో ఖర్చయింది. క్లచ్, బుష్‌లు, నాజిల్, బెల్టులు, రేడియేటరు గొట్టాలు, ఫిల్టర్లు. కాగితంలోని ఐదు పాయింట్లూ ఒక్కొక్కటిగా కొట్టేశారు. ఆవిడ కోరిక మీద ఆరో పని కూడా చేయించారు. ఎక్కేటప్పుడు మోకాలు నొప్పి పెట్టకుండా తలుపు కింద ఇంకో మెట్టు, పట్టుకోవడానికి పిడి. ఇంజన్, టర్బో, ఛాసిస్ అన్నీ చూసిన మగవాళ్లెవరికీ అది తట్టలేదు మరి!

రాత్రి ప్రయాణాలు లేవు. రోజుకు 400 కిలోమీటర్లు దాటకూడదు. పొద్దుగూకకముందే బస. ఇవి ఆవిడ పెట్టిన షరతులు. నాగపూర్‌లో కొడుకు వచ్చి కలుస్తాడు, అక్కడినుంచి స్టీరింగు వంతులవారీగా. ఇది కొడుకు పెట్టిన షరతు. అన్నిటికీ 'యస్ సర్' అన్నారు సుబేదారు గారు.

ఉగాది వెళ్లిన రెండోవారం. పొద్దున్న ఐదున్నర. ఆయన బండి చుట్టూ తిరుగుతున్నారు. నీళ్లు, ఆయిలు, టైర్లలో గాలి, లైట్లు... బండి కదిలే ముందు రోజూ చెయ్యాల్సిన తనిఖీ. సైన్యంలో దానికి 'ఫస్ట్ పరేడ్' అని పేరు. ప్రతి బండికీ ఒక లాగ్‌బుక్ ఉండాలన్నదీ అక్కడి అలవాటే. నోటుపుస్తకం, పెన్ను తెచ్చి భార్య చేతికిచ్చారు.

"రాయి. మీటరు 2,41,612."

ఆవిడ రాశారు. ఉత్తరాల కట్ట ముందు అరలో పెట్టి, మెట్టు మీద కాలేసి, పిడి పట్టుకుని ఎక్కి కూర్చున్నారు. ఒక్క సెల్ఫ్‌కే ఇంజన్ అందుకుంది.

"బయల్దేరిన ఊరు?" అడిగారావిడ.

"యాప్రాల్ అని రాయి."

"చేరాల్సిన ఊరు?"

ఆయన ఏదో చెప్పబోయేలోగా ఆవిడే రాసేశారు. ఆయన పక్కకు వంగి చూశారు. ఇప్పుడు టార్చి అక్కర్లేకుండానే, ఆ తెల్లవారుజాము వెలుగులోనే అక్షరాలు స్పష్టంగా కనిపించాయి.

'56 ఏపీఓ.'